తప్పెటలో దాగిన ఇల్లు

వార్షికోత్సవం దగ్గరపడేసరికి మన పాఠశాలలలోను, కళాశాలలలోను ఉపాధ్యాయులకు ఒక చిక్కు ఎదురవుతుంది. ఈ ఏడు పిల్లలచేత ఏ నాటకం ఆడించవలెను? పౌరాణికాలు ఉండనే ఉన్నవి. సంఘసంస్కరణ నాటికలకూ కొదువ లేదు. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతాల ఉపాధ్యాయమిత్రుల ముందు నేడు మరొక ఇతివృత్తం ఉంచుతున్నాను. అది ఆఫ్రికా ఖండం నుండి చెల్లాచెదరైన జనుల కథ. అంత దూరపు గోడు మనకెందుకని శంకించవద్దు. అది హైదరాబాదు దాకా నడచివచ్చిన కథ.

16వ శతాబ్ది మొదలు 19వ శతాబ్ది వరకు అట్లాంటిక్ సముద్రం మీద బానిసలుగా ఓడలకెక్కింపబడిన ఆఫ్రికనులు సుమారు 1 కోటి 25 లక్షల మంది అని చరిత్రకారుల లెక్క. ఆవలి గట్టు చేరినవారు సుమారు 1 కోటి 7 లక్షలు. తక్కినవారు దారిలోనే అసువులు బాసినారు. గట్టు చేరినవారికి తల్లిదండ్రులు పెట్టిన పేరు దక్కలేదు. కాలక్రమాన భాషయూ జారిపోయినది. పెట్టెలో పెట్టి తెచ్చుకొనుటకు వారికి పెట్టెయే లేదు. దేహంలో దాచుకొని తెచ్చుకొన్న సొత్తు లయ ఒక్కటే.

ఆ లయనుకూడ యజమానులు ఓర్వలేకపోయినారు. 1739లో దక్షిణ కరోలినాలో స్టోనో నదీతీరాన బానిసలు డప్పులు మ్రోగిస్తూ తిరుగబడినారు. మరుసటి ఏడే, 1740లో చేసిన శాసనం బానిసలు డప్పు మ్రోగించుటను నిషేధించినది. డప్పు పోయినంత మాత్రాన లయ పోలేదు. అరచేయి, తొడ, రొమ్ము, పాదము, అన్నీ వాద్యాలైనవి. ట్రినిడాడ్ దీవిలో 1880 దశకంలో తోలువాద్యాలను కట్టడి చేయగా, అక్కడివారు వెదురు బొంగులను నేలకు తాటించి తాళం పట్టినారు. 1930 దశకం నుండి, పారవేసిన ఇనుప డబ్బాలు, నూనె పీపాలు వారి చేతులలో స్వరాలు పలికినవి. ఇంటిని పోగొట్టుకొన్నవాడు ఇంటిని మోగించి చూచుకొన్నాడు.

ఇక మనవైపు చూతము. తూర్పు ఆఫ్రికా నుండి అరేబియా సముద్రం మీదుగా దక్కనుకు వచ్చినవారిని హబ్షీలు, సిద్దీలు అన్నారు. ఇథియోపియాలో పుట్టి, బానిసగా చేతులు మారి, అహమ్మదునగరు రాజ్యభారం వహించి 1626లో గతించిన మాలిక్ అంబర్ వారిలో మిక్కిలి ప్రసిద్ధుడు. వనపర్తి సంస్థానాధీశుల కొలువులో ఉండిన ఆఫ్రికా అంగరక్షకులు 19వ శతాబ్దిలో నిజాం సైన్యంలో చేరినారు. వారి ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ దళం పేరే నేటి హైదరాబాదులో ఏ.సి. గార్డ్స్ అనే పేటకు మిగిలినది. 1948లో సంస్థానం భారతదేశంలో విలీనమైన పిమ్మట ఆ దళం రద్దయినది. గుర్రాలు పోయినవి, కొలువు పోయినది. మర్ఫా మాత్రం పోలేదు. అరబ్బులూ సిద్దీలూ కలిసి పెంచిన ఆ వాద్యం నేడు హైదరాబాదు పెండ్లి ఊరేగింపులలో మ్రోగుతున్నది. ఆ మ్రోతకు అడుగులు వేసే యువకులలో దాని వెనుక ఒక సముద్రమున్నదని ఎరిగినవారెందరు?

ఇటువంటి కథను నాటకరంగం మీదికి తెచ్చుట అసాధ్యమేమీ కాదు. 1949లో హెగ్గోడు గ్రామంలో వెలసిన నీనాసం సంస్థ, 1980 దశకంలో ఉత్తర కన్నడ జిల్లా సిద్దీలచేతనే ఒక నాటకం ఆడించినది. నైజీరియా రచయిత చినువా అచెబె 1958లో ప్రకటించిన తొలి నవల దానికి ఆధారం. అడవి అంచున కూలిపని చేసుకొను జనులు తమ పూర్వుల ఖండపు కథను కన్నడంలో, తమ గొంతుతో తామే చెప్పుకొన్నారు.

మన పిల్లలు సిద్దీలు కారు. వారికి ఈ కథ ఏ దారిన చేరువ అవుతుంది? ఆ దారి మన జిల్లాలోనే ఉన్నది. పులివెందుల ప్రాంతంలోని చక్రాయపేట మండలంలో సురభి అనే చిన్న పల్లె ఉన్నది. మరాఠా దేశం నుండి తరలివచ్చిన తోలుబొమ్మలాట కుటుంబాల సంతతివారు 1885లో అక్కడ కీచకవధ ఆడినారు. తరువాత ఊరూరా తిరిగినారు. డేరాయే వారికి ఇల్లు. అయినను నిలిచిన పల్లె పేరును వదలక, తమ నాటకసమాజానికే పెట్టుకొని వెంట తీసుకొనిపోయినారు. జమ్మలమడుగు వైపు చూడండి. గండికోట జలాశయంలో 2020లో తాళ్ళప్రొద్దుటూరు ముంపునకు లోనైనది. అక్కడి పిల్లవానికి ఇల్లు పోవుట అంటే ఏమిటో పాఠం చెప్పనక్కరలేదు. ప్రొద్దుటూరికి లయ క్రొత్త కాదు. పుట్టపర్తి నారాయణాచార్యులవారు శివతాండవం రచించినది ఆ ఊరి అగస్త్యేశ్వరాలయంలోనే గదా.

ఐతే ఒక హెచ్చరిక. ముంపునకు పరిహారమున్నది, డేరాకు స్వేచ్ఛ ఉన్నది. బానిసకు ఆ రెండూ లేవు. మన దుఃఖాన్ని వారి దుఃఖంతో సరితూచరాదు. దానిని దివ్వెగా పట్టుకొని వారి దుఃఖాన్ని చూడవలెను, అంతే. ముఖానికి మసి పూసి, ఆకులు కట్టి, పిచ్చి గంతులు వేయించుట అభినయం కాదు, అవమానం. పిల్లవాడు తన ముఖంతోనే నిలబడి ఆ మాట చెప్పనిండు. లయను తెరవెనుక దాచక, ఒక పాత్రగా రంగం మీదికి తీసుకొనిరండు. చెక్కభజన అడుగు తెలిసిన మన పిల్లలకు చేతితో, కాలితో తాళం పుట్టించుట కష్టం కాదు.

అసలు పరీక్ష మరొకటి ఉన్నది. మన పల్లెలలో తప్పెట మోగించేవారున్నారు. మావైపు దానిని పలక అనికూడ అంటారు. జాతరకు, చావుకు వారు కావలెను. కాని పెక్కు ఊళ్ళలో వారిని గడప దాటి లోనికి రమ్మన్నవారు అరుదు. వారి బిడ్డలు తండ్రి వృత్తిని బడిలో చెప్పుకొనుటకు సిగ్గుపడినారంటే ఆ సిగ్గు వారిది కాదు, మనది. ఆఫ్రికా డప్పుకు రంగస్థలం మీద హారతి పట్టి, ఊరి తప్పెటను గేటు బయట నిలిపిన నాటకం ఎంత బాగా ఆడినా అబద్ధమే. దక్షిణ కరోలినా శాసనకర్తలు డప్పును చట్టంతో బయటికి నెట్టినారు. మనం చట్టం లేకుండానే నెట్టినాము.

కనుక నాటకం అభ్యాసం ఆరంభించిన మొదటినాడే ఊరిలో తప్పెట వాయించే పెద్దను బడికి పిలువండి. ఇతర ఉపాధ్యాయులతో సమానంగా కుర్చీ వేయండి. పిల్లలకు దరువు నేర్పుమని అడుగండి. గురుదక్షిణ సభలో అందరి ఎదుటనే ఇవ్వండి. ఆ దరువు పిల్లల చేతికి వచ్చిననాడు, సముద్రాల కావలి జనులు ఇల్లులేని చోట ఇల్లెట్లు కట్టుకొన్నారో వారికి వేరుగా చెప్పవలసిన పని ఉండదు.