ఫతే మైదానం (హైదరాబాదు)

ఫతే మైదానం హైదరాబాదు నగరం నడిబొడ్డున, బషీర్‌బాగ్ ప్రాంతములో ఉన్న క్రీడా మైదానము. 1967లో భారత మాజీ ప్రధానమంత్రి లాల్ బహదూర్ శాస్త్రి స్మృత్యర్థం దీనికి లాల్ బహదూర్ స్టేడియం అని నామకరణం చేశారు. వాడుకలో దీనిని ఎల్.బి. స్టేడియం అని పిలుస్తారు. 1955 నుండి 2003 వరకు ఇక్కడ అంతర్జాతీయ క్రికెట్ మ్యాచ్‌లు జరిగినవి. ఆ తరువాత పెద్ద మ్యాచ్‌లు నగరానికి తూర్పున ఉన్న ఉప్పల్‌కు తరలిపోయినవి. మైదానము కూల్చివేయబడలేదు, గోడలు, మెట్లు, ద్వారాలు నిలిచే ఉన్నాయి. అయితే క్రికెట్ అభిమానుల దృష్టిలో ఇది కోల్పోయిన మైదానము. ఆంధ్ర ప్రదేశ్, తెలంగాణ ప్రాంతాలలో రెండు మూడు తరాల ప్రేక్షకులకు తొలి అంతర్జాతీయ మ్యాచ్ జ్ఞాపకం ఈ మైదానముతోనే ముడిపడి ఉన్నది.

పేరు, నేపథ్యము

ఫతే అనగా విజయము. 1687లో మొగలు చక్రవర్తి ఔరంగజేబు సేనలు సుమారు ఎనిమిది నెలల ముట్టడి అనంతరం గోల్కొండ కోటను వశపరచుకొన్నవి. ఆ ముట్టడి కాలంలో మొగలు సైన్యము ఈ ప్రాంతములో విడిది చేసినదనీ, విజయము తరువాత ఈ స్థలానికి ఫతే మైదానము అనే పేరు వచ్చినదనీ చెబుతారు. ఆ విధముగా కుతుబ్‌షాహీ రాజ్యపు ఓటమికి గుర్తుగా ఏర్పడిన పేరు, తరువాతి కాలంలో హైదరాబాదీయుల ఆటలకు, వేడుకలకు చిరునామా అయినది.

మైదానం ఉన్న చోటు

ఈ మైదానము యొక్క ప్రత్యేకత చాలావరకు అది ఉన్న చోటులోనే ఉన్నది. శాసనసభ భవనము, పబ్లిక్ గార్డెన్స్, నిజాం కళాశాల, అబిడ్స్ వ్యాపార కేంద్రము, నాంపల్లి రైల్వే స్టేషను అన్నీ దీనికి నడక దూరంలోనే ఉంటాయి. కళాశాల విద్యార్థులు, ప్రభుత్వ కార్యాలయాల ఉద్యోగులు, అబిడ్స్ దుకాణాల పనివారు నడిచి వచ్చి మ్యాచ్ చూడగలిగేవారు.

కోస్తా జిల్లాల అభిమానులకు సైతం ఇది చాలాకాలం దగ్గరి అంతర్జాతీయ మైదానము. తెనాలి - రేపల్లె రైలు మార్గములోని భట్టిప్రోలు వంటి ఊళ్ళ నుండి మ్యాచ్ చూడదలచినవారు రాత్రి రైలెక్కి, ఉదయానికి హైదరాబాదు చేరి, అక్కడి నుండి మైదానానికి వెళ్ళవలసి వచ్చేది. విశాఖపట్నంలో తొలి వన్డే 1988 డిసెంబరు 10న న్యూజీలాండుతో జరిగినది. విజయవాడ ఇందిరా గాంధీ స్టేడియంలో 2002 నవంబరు 24న వెస్టిండీస్‌తో వన్డే జరిగినది. అంతకు ముందు తెలుగువారికి టెస్టు గానీ, వన్డే గానీ చూడాలంటే హైదరాబాదే దిక్కు.

టెస్టు మ్యాచ్‌లు

ఈ మైదానములో మూడు టెస్టు మ్యాచ్‌లు జరిగినవి. మూడింటిలోనూ భారతదేశపు ప్రత్యర్థి న్యూజీలాండు కావడం విశేషము.

మొదటి టెస్టు 1955 నవంబరులో జరిగినది. భారత జట్టుకు హైదరాబాదు ఆటగాడు గులాం అహ్మద్ నాయకత్వం వహించాడు. పాలీ ఉమ్రీగర్ 223 పరుగులు చేశాడు. టెస్టు క్రికెట్‌లో ఒక భారతీయుడు సాధించిన తొలి ద్విశతకము ఇదే. అదే మ్యాచ్‌లో తొలి టెస్టు ఆడుతున్న ఎ.జి. కృపాల్ సింగ్ శతకం సాధించాడు. సుభాష్ గుప్తే ఒకే ఇన్నింగ్సులో 7 వికెట్లు తీసుకొన్నాడు. మ్యాచ్ ఫలితం తేలకుండా ముగిసినది. తరువాత బొంబాయి టెస్టులో వినూ మన్కడ్ సరిగ్గా 223 పరుగులే చేసి ఉమ్రీగర్ స్కోరును సమం చేశాడు. అదే సిరీస్‌లో మద్రాసులో 231 పరుగులతో దానిని దాటాడు. అయినా మొదటి ద్విశతకం జరిగిన చోటు అన్న గౌరవము ఫతే మైదానానికే దక్కినది.

రెండవ టెస్టు 1969 అక్టోబరులో జరిగినది. మైదానం చరిత్రలో ఇది గర్వించదగిన ఘట్టము కాదు. న్యూజీలాండు 181 పరుగులకు సమాధానంగా భారతదేశం 89 పరుగులకే ఆలౌటు అయినది. ఆఖరి జోడీగా వెంకటరాఘవన్, బిషన్ సింగ్ బేడీ కొంతసేపు నిలబడి పరువు దక్కించారు. వారిని అభినందించడానికి ఒక కుర్రవాడు మైదానంలోకి పరుగెత్తగా, భద్రతా సిబ్బంది అతనిని కొట్టడముతో ప్రేక్షకులు ఆగ్రహించారు. కుర్చీలు విసరబడినవి, ఆట నిలిచిపోయినది. ఆఖరి రోజున భారతదేశం 7 వికెట్లకు 76 పరుగులతో ఓటమి అంచున ఉండగా వర్షము కురిసినది. నీటిని తొలగించే పని నత్తనడకన సాగడముతో ఆట మళ్ళీ మొదలు కాలేదు. భారత గడ్డపై తొలిసారి సిరీస్ గెలిచే అవకాశము న్యూజీలాండు చేజారినది. సిరీస్ 1-1తో సమమైనది.

మూడవది, చివరిది అయిన టెస్టు 1988 డిసెంబరులో జరిగినది. భారతదేశం 10 వికెట్ల తేడాతో గెలిచి సిరీస్‌ను 2-1తో కైవసం చేసుకొన్నది. హైదరాబాదుకు చెందిన మహమ్మద్ అజహరుద్దీన్, అర్షద్ అయూబ్ ఇద్దరూ జట్టులో ఉండడం వలన ఈ విజయము నగర ప్రేక్షకులకు మరింత ప్రియమైనది.

ఒకరోజు మ్యాచ్‌లు

1983 జూన్ 25న భారతదేశం ప్రపంచ కప్పు గెలిచినది. ఆ తరువాత మూడు నెలలైనా గడవక ముందే, సెప్టెంబరు 10న, ఫతే మైదానములో పాకిస్తాన్‌తో వన్డే జరిగినది. ఇక్కడ జరిగిన తొలి వన్డే ఇదే. భారతదేశం 4 వికెట్ల తేడాతో గెలిచినది.

1987 మార్చి 20న జరిగిన భారత - పాకిస్తాన్ మ్యాచ్ అభిమానులు ఎక్కువగా చెప్పుకొనే వాటిలో ఒకటి. భారతదేశం 44 ఓవర్లలో 6 వికెట్లకు 212 పరుగులు చేసినది. పాకిస్తాన్ గెలవాలంటే ఆఖరి బంతికి 2 పరుగులు కావలెను. ఒక పరుగు పూర్తయినది; రెండవ పరుగు కోసం ప్రయత్నించి అబ్దుల్ ఖాదిర్ రనౌటు అయ్యాడు. స్కోర్లు సమమైనవి. అప్పటి నియమాల ప్రకారం తక్కువ వికెట్లు కోల్పోయిన జట్టుదే విజయము. పాకిస్తాన్ 7 వికెట్లు, భారతదేశం 6 వికెట్లు కోల్పోయినందున భారతదేశాన్ని విజేతగా ప్రకటించారు.

అదే సంవత్సరము అక్టోబరు 10న ప్రపంచ కప్పులో న్యూజీలాండు, జింబాబ్వే జట్లు ఇక్కడ తలపడినవి. అప్పటికి జింబాబ్వేకు టెస్టు హోదా లేదు. 243 పరుగుల లక్ష్యముతో బరిలోకి దిగిన ఆ జట్టు వరుసగా వికెట్లు కోల్పోయినా, డేవ్ హౌటన్ ఒంటరి పోరాటము చేసి 142 పరుగులు చేశాడు. వెనుకకు పరుగెత్తుతూ మార్టిన్ క్రో పట్టిన క్యాచ్‌తో అతని ఆట ముగిసినది. జింబాబ్వే 3 పరుగుల తేడాతో ఓడిపోయినది. భారత జట్టు ఆడని మ్యాచ్ అయినా హైదరాబాదు ప్రేక్షకుల జ్ఞాపకాలలో దీనికి చోటు ఉన్నది. 1996 ప్రపంచ కప్పులో కూడా జింబాబ్వే ఇక్కడ వెస్టిండీస్‌తో ఆడి 6 వికెట్లతో ఓడిపోయినది.

1999 నవంబరు 8న న్యూజీలాండుతో జరిగిన వన్డే ఈ మైదానానికి ప్రపంచ ఖ్యాతి తెచ్చినది. సౌరవ్ గంగూలీ ఆరంభములోనే రనౌటు కాగా, సచిన్ టెండుల్కర్, రాహుల్ ద్రావిడ్ రెండవ వికెట్టుకు 331 పరుగులు జోడించారు. టెండుల్కర్ 186 పరుగులతో అజేయంగా నిలిచాడు. ద్రావిడ్ 153 పరుగులు చేశాడు. భారతదేశం 2 వికెట్లకు 376 పరుగులు చేసి 174 పరుగుల తేడాతో గెలిచినది. వన్డేలలో ఏ వికెట్టుకైనా అత్యధిక భాగస్వామ్యముగా ఆ 331 పరుగుల రికార్డు 2015 ఫిబ్రవరి వరకు నిలిచినది. కాన్‌బెర్రాలో వెస్టిండీస్ ఆటగాళ్ళు క్రిస్ గేల్, మార్లన్ శామ్యూల్స్ 372 పరుగులతో దానిని అధిగమించారు.

చివరి అంతర్జాతీయ మ్యాచ్ 2003 నవంబరు 15న జరిగినది. ప్రత్యర్థి మళ్ళీ న్యూజీలాండే. వీరేంద్ర సెహ్వాగ్ 130, టెండుల్కర్ 102 పరుగులు చేశారు. ద్రావిడ్ 22 బంతులలోనే 50 పరుగులు చేశాడు. భారతదేశం 5 వికెట్లకు 353 పరుగులు చేసి 145 పరుగుల తేడాతో గెలిచినది.

ఉప్పల్‌కు తరలింపు

ఫతే మైదానము ప్రభుత్వ క్రీడా ప్రాధికార సంస్థ అధీనములో ఉండేది. హైదరాబాదు క్రికెట్ సంఘానికి ఇది సొంత మైదానము కాదు. ఫుట్‌బాల్, అథ్లెటిక్స్, ప్రభుత్వ సభలు, ఇతర ఉత్సవాలు కూడా ఇక్కడే జరిగేవి. పిచ్ సంరక్షణకు, మ్యాచ్ తేదీల ఖరారుకు సొంత మైదానము అవసరమని భావించిన క్రికెట్ సంఘము ఉప్పల్‌లో కొత్త స్టేడియము నిర్మించినది. రాజీవ్ గాంధీ అంతర్జాతీయ స్టేడియముగా పేరు పొందిన ఆ మైదానములో తొలి వన్డే 2005 నవంబరు 16న దక్షిణాఫ్రికాతో జరిగినది. అక్కడ తొలి టెస్టు 2010 నవంబరులో, ఇక్కడి తొలి టెస్టు వలెనే, న్యూజీలాండుతోనే జరిగినది.

కొత్త స్టేడియములో ఎక్కువ మందికి చోటు, మెరుగైన వసతులు ఉన్నాయి. కానీ అది నగర కేంద్రానికి దూరము. 2017లో మెట్రో రైలు వచ్చేవరకు చాలామందికి అక్కడికి చేరడమే పెద్ద పనిగా ఉండేది. పాత మైదానమంటే మమకారము ఉన్నవారు మొదట ప్రస్తావించేది ఈ దూరాన్నే.

అభిమానుల జ్ఞాపకాలు

పాత ప్రేక్షకుల మాటలలో తరచుగా వినిపించే విషయాలు కొన్ని ఉన్నాయి. కప్పు లేని గ్యాలరీలలో సిమెంటు మెట్ల మీద ఎండలో కూర్చోవడము, ఇంటి నుండి తెచ్చుకొన్న భోజనము పక్కవారితో పంచుకోవడము, బౌండరీ దగ్గర నిలబడిన ఆటగాడిని పేరు పెట్టి పిలవడము, చెవి దగ్గర ట్రాన్సిస్టరు పెట్టుకొని ఆకాశవాణి వ్యాఖ్యానము వింటూ కళ్ళెదుట ఆట చూడడము వాటిలో ముఖ్యమైనవి. వీటిలో చాలా వరకు ఆ కాలపు ఏ భారతీయ మైదానానికైనా వర్తిస్తాయి. ఫతే మైదానానికి ప్రత్యేకమైనది స్థానిక ఆటగాళ్ళ సాన్నిహిత్యము. గులాం అహ్మద్, ఎం.ఎల్. జయసింహ, అబ్బాస్ అలీ బేగ్, ఆబిద్ అలీ మొదలుకొని శివలాల్ యాదవ్, అజహరుద్దీన్, అర్షద్ అయూబ్, వెంకటపతి రాజు, వి.వి.ఎస్. లక్ష్మణ్ వరకు నగరం నుండి ఎదిగిన ఆటగాళ్ళను దేశవాళీ పోటీలలో దగ్గర నుండి చూసే వీలు ఇక్కడి ప్రేక్షకులకు ఉండేది.

జ్ఞాపకానికి, స్కోరు పుస్తకానికి మధ్య తేడాను కూడా గమనించవలెను. 1999 నాటి భాగస్వామ్యము గురించి ఇప్పటికీ ఉత్సాహంగా చెప్పుకొంటారు. 1969 నాటి వర్షము, అల్లరి గురించి ప్రస్తావన అరుదు. కప్పు లేని గ్యాలరీలు ఆ రోజుల్లో అసౌకర్యమే. కాలము గడిచిన కొద్దీ అవే తీపి గుర్తులైనవి. తిరిగి చూడలేని ఆట విషయములో అభిమానుల మనస్సు సహజముగా మంచినే ఏరుకొంటుంది.

ఇతర దేశాలలో

మైదానమే పూర్తిగా కనుమరుగైన ఉదాహరణలు ప్రపంచములో అనేకము ఉన్నాయి. ఉత్తర ఇంగ్లాండులోని విగన్ పట్టణపు సెంట్రల్ పార్కు వాటిలో ప్రసిద్ధమైనది. అది జట్టుకు 13 మంది ఆడే రగ్బీ లీగ్ క్రీడకు నిలయము. పని మాని ఆడిన రోజు కూలి ఆటగాళ్ళకు చెల్లించాలా వద్దా అన్న వివాదముతో 1895లో ఉత్తర ఇంగ్లాండు క్లబ్బులు విడిపోవడము వలన ఆ క్రీడ పుట్టినది. కనుక బొగ్గు గనులు, నూలు మిల్లుల పట్టణమైన విగన్‌లో అది కార్మికుల ఆటగా వేళ్ళూనినది. 1902 సెప్టెంబరు 6న ప్రారంభమైన సెంట్రల్ పార్కు కూడా ఫతే మైదానము వలె ఊరి మధ్యలోనే ఉండేది. 1959లో పొరుగు పట్టణమైన సెయింట్ హెలెన్స్ జట్టుతో జరిగిన మ్యాచ్‌కు 47,747 మంది హాజరయ్యారు. 1999 సెప్టెంబరు 5న అదే ప్రత్యర్థితో చివరి మ్యాచ్ ఆడి, విగన్ 28-20తో గెలిచినది. అనంతరము మైదానాన్ని కూల్చివేసి, ఆ స్థలములో టెస్కో దుకాణ సముదాయాన్ని నిర్మించారు. జట్టు ఊరి అంచున ఉన్న కొత్త స్టేడియానికి మారినది.

ఈ రెండు మైదానాల కథలో పోలిక ఎంత ఉన్నదో తేడా కూడా అంత ఉన్నది. విగన్ అభిమానికి చూపించడానికి మైదానము లేదు. హైదరాబాదు అభిమాని తన పిల్లలను తీసుకొని వెళ్ళి, టెండుల్కర్, ద్రావిడ్ ఆడినది ఇక్కడేనని ఇప్పటికీ చూపించగలడు.

ఇతర విశేషాలు

క్రీడలతో పాటు రాజకీయ, సాంస్కృతిక ఘట్టాలకు కూడా ఈ మైదానము వేదిక అయినది. 1983 జనవరి 9న నందమూరి తారక రామారావు ఇక్కడ వేలాది ప్రజల సమక్షములో ముఖ్యమంత్రిగా ప్రమాణ స్వీకారము చేశాడు. 2004 మే 14న వై.ఎస్. రాజశేఖరరెడ్డి, 2023 డిసెంబరు 7న తెలంగాణ ముఖ్యమంత్రిగా రేవంత్ రెడ్డి కూడా ఇక్కడే ప్రమాణము చేశారు. 2017 డిసెంబరులో జరిగిన ప్రపంచ తెలుగు మహాసభలకు ఇదే ప్రధాన వేదిక. అంతర్జాతీయ క్రికెట్ తరలిపోయిన తరువాత కూడా అథ్లెటిక్స్, ఫుట్‌బాల్ తదితర క్రీడలకు ఈ ప్రాంగణము ఉపయోగపడుతున్నది.