చెదపురుగులు చేసిన సాయం

తొలకరి కురిసిన నాలుగైదు రోజులకు మీ పాఠశాల మైదానాన్ని ఒకసారి పరిశీలించండి. మీరు ఆడుకునే గట్టి నేల బోసిగానే ఉంటుంది. ఏ ఆవో తొక్కిన గిట్ట గుర్తులో మాత్రం రెండు గడ్డిపరకలు తలెత్తి కనిపిస్తాయి. వాన రెండుచోట్లా సమానంగానే కురిసింది. మరి ఈ తేడా ఎందుకు?

జవాబు కోసం ఆఫ్రికాలోని బుర్కినా ఫాసో దేశానికి వెళదాం. సహారా ఎడారికి దక్షిణాన ఉన్న దేశమిది. దాని ఉత్తరాన యతెంగా ప్రాంతంలో ఏడాదికి సుమారు 600 మిల్లీమీటర్ల వాన పడుతుంది. మన అనంతపురానికి ఇదేమీ తీసిపోదు. అయినా 1970లలో, 1980లలో వచ్చిన కరువులకు అక్కడి పొలాలు, పచ్చిక బయళ్ళు బీడువారాయి. మొక్కల కప్పు లేని నేలను వానచినుకులు నేరుగా కొడతాయి. సన్నని మట్టి రేణువులు చెదిరి నేలలోని రంధ్రాలను పూడ్చివేస్తాయి. ఎండకు పైపొర పెంకులా గట్టిపడుతుంది. ఇక నీరు ఇంకదు. పైమట్టినీ, విత్తనాలనూ కూడా ఊడ్చుకుపోతుంది.

యాకుబా సవడోగో అనే రైతు 1980 ప్రాంతంలో 'జాయ్' అనే తాతలనాటి పద్ధతిని మెరుగుపరిచారు. ఎండాకాలంలోనే 20 నుండి 40 సెంటీమీటర్ల వెడల్పు, 10 నుండి 20 సెంటీమీటర్ల లోతు ఉండే గుంతలు తవ్వడం, వాటిలో పశువుల ఎరువు, ఆకులు వేయడం. ఇంతే! తవ్విన మట్టిని వాలుకు దిగువన చిన్న గట్టుగా పోస్తారు. హెక్టారుకు సుమారు 10 వేల గుంతలు. ఎంత శ్రమో ఊహించండి!

అసలు వింత ఇప్పుడు మొదలవుతుంది. ఎరువు కోసం చెదపురుగులు వస్తాయి. పెంకులాంటి నేలను తొలిచి సొరంగాలు చేస్తాయి. వాన రాగానే గుంతలో నిలిచిన నీరు ఆ దారుల వెంట లోతుకు దిగుతుంది. జొన్న మొలుస్తుంది. ఎరువుతోపాటు వచ్చిన చెట్ల గింజలూ మొలుస్తాయి. కంకులు కోశాక చొప్పను కొంత ఎత్తున వదిలేస్తే, అది లేత మొక్కలను మేకల నుండి కాపాడుతుంది.

ఇరుగుపొరుగువారు మొదట ఆయనను పిచ్చివాడన్నారు. ఒకసారి ఆయన పెంచిన చెట్లకు నిప్పు కూడా పెట్టారు. ఆయన మళ్ళీ మొదలుపెట్టారు. ఆ బీడులో 60కి పైగా జాతుల చెట్లు, పొదలతో అడవి లేచింది. 2018లో ఆయనకు రైట్ లైవ్లీహుడ్ పురస్కారం లభించింది. 2023లో ఆయన కన్నుమూశారు.

మీరూ చేసి చూడండి. రెండు పాత పళ్ళేలలో తడి మట్టిని గట్టిగా అదమండి. ఒకదానిలో వేలితో పది గుంతలు చేయండి. రెండూ ఎండాక, గుంతకొక మెంతిగింజ వేయండి. రెండో పళ్ళెంలో పది గింజలను పైపైన చల్లండి. రెండింటినీ కొంచెం వాలుగా ఉంచి, రోజూ సమానంగా నీరు చిలకరించండి. వారం తర్వాత మొలకలను లెక్కపెట్టండి. గిట్ట గుర్తు రహస్యం మీకే తెలుస్తుంది.