కొల్లేరు: నీరు పెరగాలి, తగ్గాలి

కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ ఏర్పడిన సహజమైన పల్లం కొల్లేరు సరస్సు. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, ఎన్నో మురుగు కాలువలు తెచ్చే నీరు ఇక్కడికే చేరుతుంది. ఇక్కడి నుంచి సముద్రానికి దారి ఉప్పుటేరు ఒక్కటే. వానాకాలంలో వచ్చిన నీరంతా వెంటనే పోలేదు కనుక సరస్సు పక్కలకు పరుచుకుంటుంది. ఐదో కాంటూరు, అంటే సముద్రమట్టానికి ఐదడుగుల ఎత్తు వరకు నిండితే 308 చదరపు కిలోమీటర్లు, పదో కాంటూరు దాకా పొంగితే 901. వేసవిలో మళ్లీ కుంచించుకుపోతుంది.

కొల్లేటి జీవులన్నీ ఈ హెచ్చుతగ్గుల మీదే బతుకుతాయి. కొత్త నీరు గడ్డి నేలల మీదికి ఎక్కగానే కుళ్లే ఆకుల చుట్టూ సూక్ష్మజీవులు, పురుగులు పెరుగుతాయి. కొర్రమేను వంటి చేపలు ఆ గడ్డి మాటున గుడ్లు పెడతాయి. పిల్లలకు తిండీ, దాపూ దొరుకుతాయి. నీరు తీసేకొద్దీ చేపలు మడుగుల్లో గుమిగూడతాయి. ముక్కు తెరిచి నీటిలో ఉంచి, తగిలిన చేపను టక్కున పట్టే ఎర్రకాళ్ల కొంగకు అలాంటి లోతు తక్కువ నీరే కావాలి.

1970ల నుంచి సరస్సులోనే చేపల చెరువులు తవ్వుతూ వచ్చారు. చెరువులోనూ నీరుంటుంది. కానీ దాని లోతు పెద్దగా మారదు, గట్టు నిటారుగా ఉంటుంది, కలుపు ఉండనివ్వరు. నీటికీ నేలకూ మధ్య ఉండాల్సిన తడి అంచు అక్కడ లేదు. పైగా గట్లు వరదకు అడ్డుపడి ఎగువ ఊళ్లను ముంచుతాయి. పారకం మందగించిన చోట గుర్రపుడెక్క అలుముకుంటుంది. అది కుళ్లినప్పుడు నీటిలోని ఆక్సిజన్ తరిగిపోతుంది. మంచినీటి ఒత్తిడి తగ్గితే ఉప్పుటేరు వెంట సముద్రపు ఉప్పు లోపలికి ఎక్కుతుంది.

కొల్లేరు 1999లో అభయారణ్యమైంది, 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాకెక్కింది. సుప్రీంకోర్టు ఆదేశాలతో 2006లో అభయారణ్యంలోని చెరువుల గట్లు తెంచారు. తర్వాత చాలాచోట్ల అవి మళ్లీ లేచాయి. సరస్సు ఒడ్డునున్న ఆటపాకలో గూడబాతుల కోసం అటవీశాఖ ఇనుప స్టాండ్లు నిలిపింది. వాటి మీద పక్షులు గూళ్లు కట్టి పిల్లల్ని పెంచుతున్నాయి. ఇది మంచి పనే. అయితే గూటికి చోటు దొరికితే సరిపోదు, చుట్టూ మేత కూడా ఉండాలి.

కాబట్టి గట్టు తెంచడం తొలి మెట్టు మాత్రమే. మిగిలిన కట్టలను చదును చేసి ఏటవాలు అంచులు తేవాలి. వాగుల దారులు తెరవాలి. ఏలూరు, విజయవాడల మురుగును శుద్ధి చేశాకే వదలాలి. ఉప్పుటేరులో వరద సాఫీగా పోవాలి, ఉప్పు మాత్రం పైకి రాకూడదు. అన్నిటికీ మించి, చెరువుల మీద ఆధారపడ్డ చిన్న కుటుంబాలకు సరస్సు చేపల వేటలో హక్కు, నిలకడైన ఆదాయం చూపాలి. వాళ్ల కడుపు నిండని పునరుద్ధరణ ఎక్కువ కాలం నిలవదని 2006 తర్వాతి అనుభవమే చెబుతోంది.