అటక మీది పరుగుపందెం

ఇంగ్లండులో నడివయసు దాటినవారి ఇండ్లలో అటక మీది సామాను దించినప్పుడు, పాత పరుపులకూ పగిలిన కుర్చీలకూ నడుమ ఒక్కొక్కప్పుడు ఒక అట్టపెట్టె బయటపడుతుంది. మూతమీద 'స్కేలెక్‌స్ట్రిక్' అని వ్రాసి ఉంటుంది. లోపల నల్లని బాట ముక్కలు, అరచేతిలో ఇమిడే రెండు కార్లు. రబ్బరు చక్రాలు బిరుసెక్కి ఉంటాయి. లోహపు పట్టీలు మకిలిపట్టి ఉంటాయి. ఇంటి యజమాని "దీనిని ఎవరికైనా ఇచ్చివేద్దాము" అనుకొంటూనే నేలమీద చతికిలబడి ముక్కకు ముక్క తగిలించడం మొదలుపెడతాడు. ఇక భోజనానికి పిలిచినా పలకడు.

ఈ బొమ్మను ప్రసాదించినవాడు ఫ్రెడ్ ఫ్రాన్సిస్. 1952లో ఆయన కంపెనీ 'స్కేలెక్స్' పేర కీలుబొమ్మ కార్లను అమ్మకానికి పెట్టింది. వాటిమీద జనానికి మోజు తగ్గడంతో, వాటికి విద్యుత్తును జోడించి 1957లో హారోగేట్ బొమ్మల ప్రదర్శనలో పెట్టినాడు. ఎలక్ట్రిక్ అన్న మాట తోక పాత పేరుకు అతుక్కొన్నది. వచ్చిన గిరాకీకి తట్టుకొనలేక, మరుసటి యేడే కంపెనీని లైన్స్ బ్రదర్స్‌కు అమ్మివేసినాడు.

ఇందులోని కిటుకు బడిపిల్లలకు తెలిసినదే. బాటలో సన్నని గాడి. గాడికి ఇరువైపులా రెండు లోహపు పట్టీలు. కారు అడుగునున్న చిన్న మేకు గాడిలో దిగి దారి చూపుతుంది. పట్టీలను రాసుకొనే తీగెలు లోపలి మోటారుకు విద్యుత్తునందిస్తాయి. ఆటగాని చేతిలో ఒక మీట మాత్రమే. నొక్కినకొద్దీ వేగం. మరి, గాడి ఉన్నది గదా, ఇందులో నేర్పేమున్నది? అంతా మలుపులోనే ఉన్నది. వేగం రెట్టింపైతే, కారును మలుపులో నిలిపి ఉంచవలసిన బలం నాలుగు రెట్లవుతుంది. చక్రాల పట్టు అందుకు చాలదు. కారు గాడి వదలి బల్లక్రిందికి ఎగిరిపోతుంది. వ్రేలు ఎప్పుడు సడలించవలెనో తెలిసినవాడే గెలుస్తాడు. పాఠ్యపుస్తకంలో సూత్రం చూడకముందే ఆ పిల్లల బొటనవ్రేలికి అది తెలిసిపోయింది!

పెద్దవారు బొమ్మలతో ఆడుకోవడమా అని నవ్వేవారున్నారు. వారు బ్రూక్‌లాండ్స్ కథ వినవలెను.

లండనుకు నైరుతిగా వేబ్రిడ్జి వద్ద హ్యూ లాక్ కింగ్ అనే భూస్వామి తన సొంత నేలలో 1907లో ఒక కాంక్రీటు పందెపు బాట కట్టించినాడు. కేవలం మోటారు పందేల కోసమే కట్టిన తొలి బాట అది. చుట్టు రెండుముప్పావు మైళ్ళు. మలుపులు గోడలవలె పైకి లేచి ఉండేవి. 1939లో యుద్ధం వచ్చింది. పందేలు ఆగినవి, విమానాల తయారీకే ఆ చోటు అంకితమయింది. బాట కొంత తెగింది; తరువాత రోడ్లు, ఇండ్లు, కార్యాలయాలు వెలిసినవి. మిగిలిన కాంక్రీటు తునకలమీద గడ్డి మొలిచింది.

2009 ఆగస్టు 16న టెలివిజన్ వ్యాఖ్యాత జేమ్స్ మే, వందలాది వాలంటీర్లతో కలిసి, ఆ పాత చుట్టు జాడనే స్కేలెక్‌స్ట్రిక్ ముక్కలు పరచినాడు. అంత దూరంలో ఒక్క కీలు వదులైనా ఆ చోట విద్యుత్తు తెగిపోతుంది. కనుక మోకాళ్ళమీద ప్రాకుతూ ఒక్కొక్క అతుకునూ సరిచూడవలసి వచ్చింది. బాట పొడవు 4.75 కిలోమీటర్లని లెక్కతేలింది. అది ప్రపంచ రికార్డు. డెబ్బది యేండ్లుగా ఏ పందెపు కారూ పూర్తిచేయని ఆ చుట్టును, ఆనాడు జానెడైనా లేని కార్లు పూర్తిచేసినవి.