బండి వెనక ఇల్లు, ఇంటి కింద చక్రం

అమెరికాలో అరిజోనా ఎడారి మీదుగా పోయే ఇంటర్‌స్టేట్ 10 అంచున ఎండాకాలంలో నల్లటి రబ్బరు పేలికలు పడి ఉంటాయి. మూరెడువి కొన్ని, బారెడువి కొన్ని. ఒకదాన్ని తిరగేసి చూస్తే లోపలి వైపు సన్నటి ఉక్కు తీగలు వరసగా పొడుచుకొచ్చి కనిపిస్తాయి. చాలావరకు లారీలవే. కొన్ని మాత్రం పికప్ వెనక తగిలించుకుని తిరిగే క్యాంపర్ ట్రైలర్లవి. పడక, పొయ్యి, ఫ్రిజ్, స్నానాలగది అన్నీ ఉన్న చిన్న ఇళ్లవి. వాటి యజమానుల్లో చాలామందిది ఒకటే గోడు. టైరు పోతుంది, కొత్తది వేయిస్తారు, కొన్నాళ్లకు మళ్లీ పోతుంది. చాలాసార్లు అదే మూలది. ఈసారి ఇంకో కంపెనీది కొందాం అనుకుంటారు.

కంపెనీ మార్చితే కొందరికి ఫలితం ఉండొచ్చు. కానీ ఒకే మూల మళ్లీ మళ్లీ పోతోందంటే రోగం టైరులో లేదని నా గట్టి నమ్మకం. పేలడమనేది ఆఖరి క్షణం మాత్రమే. దానికి ముందు జరిగిందంతా మన కంటికి కనపడకుండా జరుగుతుంది.

అదేమిటో చూసే ముందు టైరు పుట్టుక సంగతి కొంచెం. గాలి టైరు మొదట తిరిగింది మోటారు బండికి కాదు, ఒకరు లాగితే కదిలే బండికే. స్కాట్లండ్‌కు చెందిన రాబర్ట్ విలియం థామ్సన్ 1845లో, 23 ఏళ్ల వయసులో దానికి పేటెంటు తీసుకున్నాడు. రబ్బరు పూసిన గుడ్డ గొట్టం, దాని మీద తోలు తొడుగు. 1847లో లండన్‌లో గుర్రబ్బండ్లకు వాటిని బిగించి నడిపి చూపించాడు. అప్పటికి కారు లేదు, సైకిలు కూడా సరిగ్గా రూపుకట్టలేదు. జనం మెచ్చుకున్నారు, మరిచిపోయారు. 1888లో బెల్‌ఫాస్ట్‌లో జాన్ బాయ్డ్ డన్‌లప్ తన కొడుకు మూడు చక్రాల సైకిలు కోసం మళ్లీ మొదటినుంచి కనిపెట్టాల్సి వచ్చింది. ఆ తర్వాత రోజులు మోటారు కారువి. కార్లతో పాటు వాటి వెనక ఇళ్లూ పెరిగాయి. వాలీ బయామ్ 1936లో తెచ్చిన అల్యూమినియం ఎయిర్‌స్ట్రీమ్ క్లిప్పర్ ఇప్పటికీ చాలామందికి ట్రైలర్ అనగానే గుర్తొచ్చే ఆకారం. 1946లో ఫ్రాన్సులో మిషెలిన్ కంపెనీ రేడియల్ టైరుకు పేటెంటు తీసుకుంది. అందులో దారాలు ఈ అంచు నుంచి ఆ అంచుకు అడ్డంగా నేరుగా ఉంటాయి, నేలను తాకే పట్టా కింద ఉక్కు తీగల బెల్టులు ఉంటాయి. ఇవాళ ట్రైలర్ల కింద ఎక్కువగా కనిపించేవి ఈ రకమే.

ట్రైలర్ టైరు పక్కన ST అని అచ్చు ఉంటుంది. స్పెషల్ ట్రైలర్ అని అర్థం. దీనికి ఇంజను బలాన్ని రోడ్డుకు అందించే పని లేదు, స్టీరింగు తిప్పే పని లేదు. మోయాలి, పక్కకు ఊగకూడదు, అంతే. అందుకే పక్క గోడలు గట్టిగా చేస్తారు, గాలి బాగా ఎక్కువ కొడతారు. కారు టైరు 35 పీఎస్‌ఐ దగ్గర ఆగితే ఇవి 50, 65, 80 దాకా పోతాయి. కారు టైరునే తెచ్చి ట్రైలర్‌కు వేస్తే, దాని మీద రాసిన మోతను 1.10తో భాగించి లెక్క వేసుకోవాలన్నది నియమం.

ఇక అసలు విషయానికి వద్దాం. మధ్యరకం ట్రైలర్లకు చాలాకాలంగా వస్తున్న ఒక సైజు ST205/75R14, లోడ్ రేంజ్ C. 50 పీఎస్‌ఐ గాలితో ఒక్కో టైరు 1,760 పౌండ్లు, అంటే సుమారు 798 కిలోలు మోస్తుంది. నాలుగూ కలిపితే 7,040 పౌండ్లు. ఆ సైజు వేసే ట్రైలర్ల కింద తరచు 3,500 పౌండ్ల ఇరుసులు రెండు ఉంటాయి. వాటి మొత్తం మోత 7,000. తేడా 40 పౌండ్లు. ఒక ఇంటిని మోసే నాలుగు టైర్లకూ కలిపి మిగులు 18 కిలోలు! కాగితం మీద ఇది తప్పు కాదు, చట్టానికీ సరిపోతుంది. కానీ ఇల్లు కాగితం మీద ఉన్నట్టు రోడ్డు మీద ఉండదు. ఫ్రిజ్, పొయ్యి, వంటగది అలమరలు ఒక పక్కన ఉంటాయి, పడక ఇంకో పక్కన. 40 గ్యాలన్ల తొట్టి నింపితే 150 కిలోల నీళ్లు. నాలుగు చక్రాల మీదా బరువు సమంగా పడటమన్నది దాదాపు జరగని పని. దానికి తోడు గాలి 50 నుంచి 40కి దిగితే ఒక్కో టైరు మోసే శక్తి దాదాపు వంద కిలోలు పడిపోతుంది. ఏ ఒక్క టైరు గాలి చూడటం మరిచిపోయినా ఆ 18 కిలోలు ఎప్పుడో హరించుకుపోయినట్టే.

బరువు ఎక్కువై, గాలి తక్కువైతే టైరు నేల దగ్గర ఎక్కువ వంగుతుంది. గంటకు 65 మైళ్ల వేగంలో ఈ సైజు చక్రం సెకనుకు 14 సార్లు తిరుగుతుంది. అంటే గంటలో ప్రతి భాగమూ 50 వేల సార్లు వంగి తిరిగి నిటారవుతుంది. రబ్బరును వంచడానికి పెట్టిన శక్తి మొత్తం వెనక్కి రాదు, కొంత వేడిగా లోపలే ఉండిపోతుంది. ఇనుప తీగను అటూ ఇటూ వంచుతూ పోతే చెయ్యి కాలేంత వేడెక్కి చివరికి పుటుక్కున తెగుతుంది చూడండి, అలాంటిదే ఇదీ. అన్నిటికన్నా ఎక్కువ ఒత్తిడి పడేది ఉక్కు బెల్టుల అంచుల దగ్గర. అక్కడ రబ్బరులో మొదట వెంట్రుకంత బీట పుడుతుంది. అది రెండు బెల్టుల మధ్యగా పాకుతుంది. బయటికి ఏమీ కనపడదు. కొన్ని వందల మైళ్ల తర్వాత పట్టా మీద ఒకచోట చిన్న ఉబ్బు లేస్తుంది. అరచేత్తో చుట్టూ తడిమితే తెలుస్తుంది. అక్కడ కూడా ఆగకుండా నడిపితే పట్టా విడిపోయి చక్రంతో పాటు గిరగిరా తిరుగుతూ మడ్‌గార్డునూ, నేలబల్లనూ, వైర్లనూ, గ్యాసు పైపునూ చీల్చుకుంటూ పోతుంది. టైరు వందల డాలర్లలో వస్తుంది, ఈ మరమ్మతు వేలల్లో తేలుతుంది.

కారులో ముందు టైరు చెడితే స్టీరింగు వణుకుతుంది. మన చేతులకు తెలుస్తుంది. ట్రైలర్ టైరు చెడితే డ్రైవరుకు ఏమీ తెలియదు. వెనక వచ్చేవాడు హారన్ కొట్టినప్పుడో, అద్దంలో పొగ కనిపించినప్పుడో తెలుస్తుంది. రెండు ఇరుసుల బండిలో ఒక టైరు పోయినా ఇల్లు కింద కూలదు. పక్కనున్న టైరు రెట్టింపు బరువును మోస్తూ పోతుంది. అందుకే ఒకటి పోయిన రోజున బాగానే కనిపించే దాని జంటను కూడా తీసేయాలని అనుభవజ్ఞులు పట్టుబడతారు. ఇది దుబారా కాదు. ఆ జంట టైరు ఆ కొద్ది మైళ్లలోనే తన ఆయుష్షును చాలా భాగం ఖర్చుపెట్టేసి ఉంటుంది.

క్యాంపు మైదానంలో ఎవరైనా రెండు ఇరుసుల ట్రైలర్‌ను రివర్సులో ఇరుకు మలుపు తిప్పుతుంటే పక్కన నిలబడి చక్రాల కేసి చూడండి. ఇరుసులు రెండూ సమాంతరంగా బిగించి ఉంటాయి, తిరగలేవు. కాబట్టి బండి మెలి తిరిగినప్పుడు ముందు చక్రం ఒక వైపుకు, వెనక చక్రం దానికి ఎదురుగా ఈడ్చుకుపోతాయి. రిమ్ము పక్కకు జరుగుతుంది, పట్టా నేలను పట్టుకుని కదలనంటుంది. మధ్యలో పక్క గోడ వికారంగా మెలితిరుగుతుంది, గులకరాళ్లు కరకరమంటాయి. ఆ మెలికే బెల్టుల అంచుల్ని కోసే బలం. ఆ మలుపును వీలైనంత విశాలంగా తీసుకోవడం ఖర్చులేని మందు.

నడిచే టైరు కష్టం ఇది. నిలబడిపోయిన టైరుది ఇంకో కష్టం. గాలిలోని ఓజోన్ రబ్బరు అణువుల్ని తెంచి బీటలు తెస్తుంది. దాన్ని ఎదుర్కోవడానికి టైరులో 6PPD అనే రసాయనాన్నీ మైనాన్నీ కలుపుతారు. టైరు తిరిగి వంగుతున్నప్పుడు అవి లోపలి నుంచి పైకి ఊరి పల్చటి కవచం కడతాయి. ఏడాదిలో పది నెలలు ఎండలో నిలిచి ఉండే ట్రైలర్‌కు ఆ ఊట సరిగ్గా అందదు. పట్టా కొత్తగా ఉంటుంది, రబ్బరు ముసలిదైపోతుంది.   అందుకే ట్రైలర్ టైరు వయసును మైళ్లలో కాదు, ఏళ్లలో చూడాలి. పక్క గోడ మీద DOT అక్షరాల తర్వాత చివరి నాలుగు అంకెలు చూడండి. 2319 అని ఉంటే 2019వ సంవత్సరం 23వ వారంలో పుట్టిందన్నమాట. అయిదేళ్లు దాటాక నేనైతే దూరప్రయాణానికి నమ్మను.

నాకు కోపం తెప్పించేది చట్టం సంగతి. 2000 ఆగస్టులో ఫైర్‌స్టోన్ 65 లక్షల టైర్లను వెనక్కి పిలిచింది. కారణం ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్ బండ్ల మీద పట్టాలు ఊడిపోవడం. దాని దెబ్బకు ఆ ఏడాదే ట్రెడ్ చట్టం వచ్చింది. కార్లకూ, చిన్న ట్రక్కులకూ వేసే రేడియల్ టైర్లకు కొత్త ప్రమాణం పెట్టారు. వేగం, ఓర్పు, తక్కువ గాలితో నడవడం అన్నిటికీ పరీక్షలు గట్టిపరిచారు. గాలి తగ్గితే డ్రైవరును హెచ్చరించే సెన్సార్లు కొత్త కార్లలో తప్పనిసరి అయ్యాయి. ఈ రెండిటిలోనూ ట్రైలర్‌ను వదిలేశారు. ST టైరు 1970ల నాటి ప్రమాణం కిందే ఉండిపోయింది, ట్రైలర్‌కు సెన్సారూ అక్కర్లేదన్నారు. డ్రైవరు చేతికి తెలియని టైరుకే, మిగులు అతి తక్కువగా ఉన్న టైరుకే రక్షణ తక్కువ. డాలస్, హ్యూస్టన్ నుంచి సెలవులకు ట్రైలర్ అద్దెకు తీసుకుని బయల్దేరే మన తెలుగువాళ్లు కూడా పికప్‌లో గాలి హెచ్చరిక దీపం వెలగలేదు కదా అని ధీమాగా ఉంటారు. ఆ దీపానికి వెనక ట్రైలర్ చక్రాల సంగతి తెలియదు.

మరి పదేపదే పోతుంటే ఏం చేయాలి? పోయిన టైరును పారేయకుండా ముందు దాన్ని చదవాలి. రెండు అంచులూ అరిగి మధ్య భాగం మిగిలితే గాలి తక్కువ. లోపలి అంచు ఒక్కటే అరిగితే ఇరుసు బరువుకు వంగిపోయి ఉండొచ్చు. ట్రైలర్ ఇరుసును మామూలుగా మధ్యలో కాస్త పైకి విల్లులా వంచి చేస్తారు, మోతకు అది నిటారవుతుంది. మోత మించితే ఆ వంపు తిరగబడుతుంది. పట్టా మీద చెయ్యి ఒకవైపు రాస్తే నున్నగా, ఎదురు రాస్తే రంపంలా తగిలితే చక్రాలు దారికి నేరుగా లేవు. అక్కడక్కడా గుంటలు పడితే బేరింగులూ, బ్యాలెన్సూ చూడాలి. ఒకే మూల మాటిమాటికీ పోతుంటే ఆ చక్రం బ్రేకు పట్టేసి ఉందా, ఆ పక్క బరువు ఎక్కువైందా అని వెతకాలి. ఇరుసు సరిచేయకుండా వేసిన కొత్త టైరు కూడా అదే దారిలో పోతుంది.

తర్వాత తూకం. అన్ని సామాన్లూ, నీళ్లూ నింపి ప్రయాణానికి సిద్ధమైన బండిని ఒక్కో చక్రంగా తూయించాలి. మొత్తం తూకం సగటును చెబుతుంది, పేలేది మాత్రం ఏదో ఒక చక్రమే. మిగులు చాలకపోతే C బదులు ఇంకా ఎక్కువ మోసే D రేంజికి వెళ్లాలి. కానీ రిమ్ము మీద అచ్చేసిన గరిష్ఠ గాలి అంత ఉందో లేదో చూడాలి. 80 పీఎస్‌ఐ కొట్టే టైరుకు మామూలు రబ్బరు వాల్వు పనికిరాదు, ఇత్తడిది వేయించాలి. గాలి పొద్దున్నే, బండి కదలక ముందే చూడాలి. మధ్యాహ్నం వేడికి పెరిగిందని తీసేస్తే మర్నాటికి తక్కువవుతుంది. విడిగా దొరికే సెన్సార్లు నాలుగు చక్రాలకూ పెట్టుకుంటే చట్టం వదిలేసిన కన్ను మనమే పెట్టుకున్నట్టు. వేగం 65 మైళ్లకు మించనివ్వకూడదు. చక్రం మార్చాక కొద్ది మైళ్లు పోయి ఆగి నట్లు మళ్లీ బిగించాలి. అక్కడే హబ్ మీద చెయ్యి పెట్టి ఏ చక్రమైనా మిగతావాటికన్నా కాలుతోందేమో చూడాలి.

అన్నీ సరిగ్గా ఉండి కూడా, వయసు మీరని టైరు పట్టా ఊడిపోతే అప్పుడు తప్పు తయారీదే కావచ్చు. ఆ టైరును, ఊడిన పట్టా ముక్కను, DOT అంకెలన్నీ కనిపించేలా ఫోటోలు తీసి అమెరికా రోడ్డు భద్రతా సంస్థ NHTSA వెబ్‌సైటులో ఫిర్యాదు నమోదు చేయాలి. ఒక్కో ఫిర్యాదు విడిగా చూస్తే ఏమీ కాదు. ఒకే ఫ్యాక్టరీ, ఒకే వారం అంకెలు నాలుగైదు చోట్ల నుంచి వచ్చి చేరితే అధికారులు విచారణ మొదలుపెట్టడానికీ, కంపెనీ టైర్లు వెనక్కి తీసుకోవడానికీ ఆధారం దొరుకుతుంది.