మీకు తెలుసా? బుర్కినీయే సూపర్‌హీరో డ్రెస్సు!

సూపర్‌హీరోల కామిక్స్ అంటే కండలు తిరిగిన మగాళ్ల కథలేనా? మార్వెల్ సంస్థ 2014లో కమలా ఖాన్‌కు 'మిస్ మార్వెల్' పేరుతో సొంత సిరీస్ ఇచ్చింది. అమెరికాలోని జెర్సీ సిటీలో ఉండే పాకిస్తానీ కుటుంబం పిల్ల, వయసు 16. మార్వెల్‌లో సొంత సిరీస్ దక్కిన తొలి ముస్లిం పాత్ర ఆమే.

ఈ పిల్లకు ఒళ్లు సాగదీసే శక్తి ఉంది. చెయ్యి ఇంటంత అవుతుంది. కానీ ఇంట్లో అమ్మానాన్నలకు తెలియకుండా బయటపడటమే అసలు సాహసం! ఖాళీ దొరికితే సూపర్‌హీరోల బృందం అవెంజర్స్ మీద సొంతంగా కథలు అల్లి ఇంటర్నెట్‌లో పెడుతుంది. ఇక డ్రెస్సు సంగతి. ఏ రహస్య ప్రయోగశాలలోనూ పుట్టలేదది. ఒళ్లంతా కప్పే తన ఈత దుస్తులైన బుర్కినీనే అలా మార్చుకుంది. రచయిత్రి జి. విల్లో విల్సన్ చమత్కారమంతా ఇలాంటి చోట్లే ఉంది.

తొలి సంపుటికి 2015లో హ్యూగో అవార్డు వచ్చింది. 2022 టీవీ సిరీస్‌లో కమలాగా నటించిన ఇమాన్ వెల్లాని, మరుసటి ఏడాది అదే పాత్ర కామిక్‌కు సహ రచయిత్రి కూడా అయింది.

మన దేశంలోనూ ఇలాంటి పిల్ల ఉంది. 'టింకిల్' పత్రిక 2015లో పరిచయం చేసిన 'వింగ్‌స్టార్' మిజోరం అమ్మాయి, పేరు మపుయీ కావ్లిమ్, వయసు 13. ఇంట్లో పిల్లలుంటే ముందు ఈమెతోనే మొదలుపెట్టించండి.