రైలు నుండి రాలిన పుట

బొమ్మల కథలకు ఏది ఉత్తమ యుగం? సూరత్ పేరును ఇంటిపేరుగా ధరించిన ఒక రచయిత జీవితంలో ఈ ప్రశ్నకు సమాధానం దొరుకుతుంది.

సూరత్ నగరాన్ని ఒరుసుకొని పారే తాపీ నదికి వరదలు కొత్త కావు. అటువంటి ఒక వరదలో మూడేళ్ళ పసివాడు మునిగిపోబోయి త్రుటిలో బయటపడ్డాడు. 1935లో జన్మించిన ఆ బాలుడే ఆబిద్ సుర్తీ. ‘సుర్తీ’ అంటే సూరత్‌వాడని అర్థం. కొంతకాలానికి బ్రతుకుతెరువు వెదుక్కుంటూ ఆ కుటుంబం బొంబాయి చేరింది.

అవి రెండవ ప్రపంచ యుద్ధపు రోజులు. ఓడరేవు నుండి విక్టోరియా టెర్మినస్‌కు సైనికులను చేరవేసే చిన్న రైలు వెంట, తినడానికి ఏమైనా దొరుకుతుందన్న ఆశతో పేదపిల్లలు పరుగెత్తేవారు. ఒకనాడు ఒక సైనికుడు బొమ్మల పుస్తకం విసిరాడు. పిల్లలందరూ ఎగబడ్డారు. పెనుగులాటలో పుస్తకం చిరిగిపోయింది. ఆబిద్‌కు దక్కినది ఒకే ఒక్క పుట. దానిపై మిక్కీ మౌస్ బొమ్మలున్నాయి. వాటిని చూసి గీయడంతో అతని చిత్రకళాభ్యాసం మొదలయింది.

కామిక్స్ అభిమానులు నలుగురు చేరితే యుగాల వాదం తప్పదు. అమెరికాలో 1938లో సూపర్‌మాన్ రాకతో స్వర్ణయుగం, 1956లో ఫ్లాష్ కొత్త అవతారంతో రజతయుగం ఆరంభమయ్యాయంటారు. ఆ కొలబద్ద మన దేశానికి సరిపోదు.

మన దేశంలో 1964 మార్చిలో టైమ్స్ ఆఫ్ ఇండియా సంస్థ ఫాంటమ్ కథతో ‘ఇంద్రజాల్ కామిక్స్’ను ప్రారంభించింది. ఫాంటమ్, మాండ్రేక్ పిల్లలను ఉర్రూతలూగించారు. అయినా వారు అతిథులే. ఫాంటమ్ నివసించే ‘బంగల్లా’ను ఇక్కడ ‘డెంకాలీ’గా మార్చారు గాని, పేరు మారినంత మాత్రాన ఆ అడవి మనది కాలేదు. గ్రీకు దేవతల గురించి చెప్పగల విద్యార్థులు శ్రీరాముని తల్లి పేరు చెప్పలేకపోవడం టెలివిజన్‌లో చూసి కలత చెందిన అనంత్ పాయ్, 1967లో ‘అమర చిత్ర కథ’కు శ్రీకారం చుట్టారు. పురాణపురుషులు ఇంటింటికీ వచ్చారు. మన కాలపు మనిషి మాత్రం ఇంకా కథానాయకుడు కాలేదు.

1976లో ఇంద్రజాల్ పుటలలో ఆ లోటు తీరింది. ఆబిద్ సుర్తీ సృష్టించగా గోవింద్ బ్రాహ్మణియా గీసిన ‘బహాదుర్’ వచ్చాడు. అతడు బందిపోటు కొడుకు. తండ్రిని కాల్చిన పోలీసు అధికారిపై పగతో రగిలి, తండ్రి దురాగతాలు తెలిశాక మనసు మార్చుకొని, గ్రామస్థులను కూడగట్టి దోపిడీ మూకలను ఎదిరించాడు. ముసుగు లేదు, మంత్రం లేదు. ఒంటిపై కుర్తా, జీన్స్. చంబల్ బందిపోట్లు ఆనాటి వార్తాపత్రికలలో నిత్యం కనిపించేవారే కనుక, పాఠకునికి కథకూ లోకానికీ మధ్య గోడ లేకపోయింది.

ఇంద్రజాల్ 1990లో ఆగిపోయింది. 1980ల చివర నాగరాజ్ సాహసాలు చదివి పెరిగినవారు రాజ్ కామిక్స్ కాలమే గొప్పదని వాదిస్తారు. ఎవరి బాల్యం వారికి స్వర్ణయుగమే. అందులో తప్పు లేదు. అయితే జ్ఞాపకాల తీపిని పక్కనపెట్టి తూచవలసివస్తే, తూకం 1976 వైపే మొగ్గుతుంది. పరాయి సైనికుడు విసిరిన పుస్తకంలో ఒక్క పుట దక్కించుకున్న పిల్లవాడు, ఆ ఏడు మన పిల్లల చేతికి మన మనిషి కథను పూర్తి పుస్తకంగా అందించాడు.